కాళ్ళు కడిగేవాడు కుర్చీలో కూర్చోవాల్సి వస్తే: ఒక పారిష్ సెక్రటరీతో 14 నెలల ప్రయాణం

ఈ కేసు రాయడానికి ఆయన పర్మిషన్ తీసుకున్నాను, రాశాక మొత్తం ఆయనకి చదివి వినిపించాను కూడా. రెండు చోట్ల ఆపి "ఇక్కడ నన్ను కాపాడుతున్నారు సిస్టర్, ఉన్నదున్నట్టు రాయండి" అన్నారు, అలాగే మార్చాను. పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు ఏవీ ఉండవు. నేను కతోలిక మఠకన్యని, పారిష్ (ఒక గుడి పరిధిలోని విశ్వాసుల సంఘం) నాయకులకి, ఉపదేశులకి ధ్యానకూటాలు పెట్టడం, ఒక్కొక్కరితో కూర్చుని వాళ్ళ ప్రార్థన జీవితం గురించి మాట్లాడటం నా పని. జెస్విట్ సభని స్థాపించిన పునీత (సెయింట్) ఇగ్నేషియస్ పద్ధతిలో చేస్తాను. ఈ పని చేసే మిగతావాళ్ళకి ఉపయోగపడుతుందనే రాస్తున్నా, ముఖ్యంగా నేను మొదటి మూడు నెలలు చేసిన తప్పు ఇంకొకరు చేయకూడదని.

ఆయన్ని నా దగ్గరికి పంపింది వాళ్ళ విచారణ గురువు, అంటే పారిష్ ఫాదర్. ఫోన్లో ఫాదర్ గారు చెప్పింది ఇంతే: "మా కౌన్సిల్ సెక్రటరీ చాలా మంచి మనిషి సిస్టర్, ఆయన లేకపోతే పారిష్ నడవదు, కానీ ఆయన ఉంటే కౌన్సిల్ నడవట్లేదు." ఆ మాట రాసి పెట్టుకున్నా. తర్వాత తెలిసిన లెక్క ఏంటంటే, 11 మందితో మొదలైన కౌన్సిల్‌లో (ఫాదర్‌కి సలహా ఇచ్చే పారిష్ వాళ్ళ బృందం) రెండేళ్ళలో 6 గురు వెళ్ళిపోయారు, గొడవపడి ఎవరూ వెళ్ళలేదు, ఒకరికి ఉద్యోగం బిజీ, ఒకరికి ఆరోగ్యం, ఒకరికి పిల్లల చదువులు, అన్నీ మర్యాదైన కారణాలే. మర్యాదైన కారణాలు ఆరు వరసగా వస్తే అవి కారణాలు కావని నా అనుభవం.

మొదటి రోజు ఆయన వచ్చి కూర్చుని జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి టేబుల్ మీద పెట్టారు. కూర్చుంటే గుచ్చుకుంటుందట. చాలా పెద్ద గుత్తి, ఒక రింగు సరిపోక రెండు రింగులు కలిపి ఉన్నాయి, కొన్నిటికి రంగు దారాలు కట్టి ఉన్నాయి. గుడి పెద్ద తలుపు, పక్క తలుపు, సాక్రిస్టీ (పూజ సామాన్ల గది), మైక్ సెట్ బీరువా, సత్యోపదేశం (మతబోధ) క్లాసుల గది, రికార్డుల బీరువా, జెనరేటర్ రూమ్... ఆయనే ఒక్కొక్కటి పట్టుకుని చెప్పారు, మొత్తం 14. నేను అడగలేదు, ఆయనంతట ఆయనే చెప్పారు. చెప్తున్నప్పుడు గొంతులో గర్వం వినిపించలేదు నాకు, అలసట వినిపించింది. ఆ అలసట కింద ఇంకేదో ఉందని అప్పుడు పట్టుకోలేకపోయా.

ఆయన గురించి కాస్త చెప్పాలి. రిటైరవడానికి దగ్గరలో ఉన్న మనిషి, నిజాయితీ మీద ఒక్కరు కూడా వేలెత్తి చూపలేదు. పూజకి గంట ముందే గుడికొస్తారు, ఊడుస్తారు, బెంచీలు తుడుస్తారు, పూజ అయ్యాక అందరూ వెళ్ళిందాకా ఉండి తాళం వేస్తారు. ఎవరైనా చనిపోతే సమాధి తవ్వించే దగ్గర నుంచి మొదటి పూజ వరకు ఆయనే. తొమ్మిదేళ్ళ క్రితం సాక్రిస్టీ చూసే పెద్దాయన జబ్బు పడితే "వారం రోజులు చూస్తాను" అని తాళాలు తీసుకున్నారు, అది అలా ఉండిపోయింది. పారిష్ నియమావళిలో సెక్రటరీ టర్ము మూడేళ్ళు, ఆయనది మూడో టర్ము అయిపోవస్తోంది. ఎందుకు మారలేదంటే ఆయన పదవి కోసం పాకులాడారని కాదు, ప్రతిసారీ "ఎవరైనా తీసుకోండి" అని నిజంగానే అన్నారు, ఎవరూ తీసుకోలేదు. ఎవరూ ఎందుకు తీసుకోలేదన్నదే ఈ కేసు.

ఆయన తన గురించి తను చెప్పుకున్న మాట: "నేను నాయకుణ్ణి కాదు సిస్టర్ గారూ, సేవకుణ్ణి. ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగినట్టు నేనూ కింద కూర్చుని పని చేస్తా. మిగతావాళ్ళకి కుర్చీలు కావాలి, నాకు చీపురు చాలు."

ఇక్కడ నేను చేసిన తప్పు. ఆయన మాటలో "మిగతావాళ్ళకి కుర్చీలు కావాలి" అన్న ముక్క దగ్గర ఆగిపోయా, అందులో చిన్నచూపు కనిపించింది, సరే ఇది అహంకారం కేసు అనుకున్నా. అహంకారానికి నా దగ్గర ఎప్పుడూ ఉండే మందు మార్కు సువార్త 10వ అధ్యాయం, శిష్యులైన జెబదాయి కొడుకులు ఇద్దరూ ప్రభువుకి కుడివైపు ఎడమవైపు సీట్లు అడగటం, మిగతా పదిమందికి కోపం రావడం, అప్పుడు ప్రభువు "అన్యజాతుల పాలకులు పెత్తనం చేస్తారు, మీలో అలా ఉండకూడదు, మొదటివాడు అందరికీ దాసుడు కావాలి" అని చెప్పడం. ఆ భాగం మీద నెలరోజులు ధ్యానం చేయమని, దాంతోపాటు వారానికి ఒక పని ఎవరికీ తెలీకుండా చేయమని చెప్పా. ఆ తర్వాతి నెల ఫిలిప్పీయులకు రాసిన లేఖ 2వ అధ్యాయం ఇచ్చా, దేవునితో సమానుడై ఉండి కూడా ఆ సమానత్వాన్ని పట్టుకుని వేలాడకుండా తనను రిక్తుణ్ణి చేసుకుని దాసుడి రూపం తీసుకున్నాడని పౌలు రాసిన ఆ గీతం.

ఏమైందో ఊహించండి. ఆయన చాలా శ్రద్ధగా చేశారు, చెప్పిన దానికంటే ఎక్కువే. ఎవరికీ తెలీకుండా చేయాల్సిన పని కింద యూత్ వాళ్ళు వేసుకున్న స్టేజీ బ్యాక్‌డ్రాప్ కాస్త వంకరగా ఉందని రాత్రి పదింటికి వెళ్ళి మొత్తం విప్పి మళ్ళీ కట్టారు. పొద్దున్నే పిల్లలు వచ్చి చూసుకుంటే తాము కట్టింది లేదు. ఎవరు చేశారో అందరికీ తెలుసు, తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది కదా. యూత్ లీడర్‌గా ఉన్న అమ్మాయి ఆ వారమే తప్పుకుంది. ఆమె ఏడో మనిషి.

ఈ సంగతి ఆయన నాకు చెప్పినప్పుడు బాధగానే చెప్పారు, కానీ ఆయన బాధ "ఇంత చేసినా అర్థం చేసుకోవట్లేదు" అన్న బాధ. నాకైతే ఆ రోజు ప్రార్థన గదిలో కూర్చుంటే నిద్ర పట్టలేదు. దాసుడివి కా, దాసుడివి కా అని నేనే చెప్పా. సేవతోనే అందరినీ పక్కకి నెట్టేస్తున్న మనిషికి ఇంకా సేవ చేయమని రాసిచ్చా. జ్వరానికి దుప్పట్లు కప్పినట్టయింది.

ఇగ్నేషియస్ రాసిన ఆధ్యాత్మిక సాధనల్లో రెండో వారం (అంటే రెండో భాగం) విచక్షణ నియమాలు ఉంటాయి, మంచివాళ్ళకి శోధన (ప్రలోభం) చెడు రూపంలో రాదు, వెలుగుదూత వేషంలో వస్తుందని, అందుకే ఒక ఆలోచన మొదలు, మధ్య, చివర మూడూ చూడమని, మొదలు ఎంత మంచిదైనా చివరికి మనశ్శాంతి పోగొడితే, తక్కువ మంచి దగ్గరికి తెచ్చి పడేస్తే తోక చూసి పామును గుర్తుపట్టమని అంటాడు. వందసార్లు క్లాసులో చెప్పిన నియమం, నా ముందు కూర్చున్న మనిషి విషయంలో వాడలేదు. తర్వాతి సెషన్‌లో అదే చేశాం. తొమ్మిదేళ్ళ దారి వెనక్కి నడిచాం. మొదలు: జబ్బుపడ్డ పెద్దాయన మీద జాలి, నిజమైన ప్రేమ. మధ్య: "నేను చేస్తే సరిగ్గా అవుతుంది" అన్న తృప్తి, ఫాదర్లు మారినా తను ఉండటం, కొత్త ఫాదర్ వచ్చిన ప్రతిసారీ మొదట తననే పిలిపించడం. చివర: అలసట, ఎవరూ సాయం రావట్లేదన్న ఫిర్యాదు, ఎవరైనా వస్తే వాళ్ళ పనిలో తప్పు వెతకడం. ఆయనే చెప్పుకుంటూ పోతుంటే నేను కాగితం మీద గీత గీస్తూ పోయా. చివర్లో ఆ గీత చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఇగ్నేషియస్ రెండు ధ్వజాల (ఒకటి క్రీస్తు జెండా, ఒకటి సాతాను జెండా) ధ్యానంలో శత్రువు వల విసిరే వరస చెప్తాడు, మొదట సంపద, దాన్నుంచి లోకం ఇచ్చే గౌరవం, దాన్నుంచి అహంకారం. మా వాళ్ళు చాలామంది సంపద అంటే డబ్బే అనుకుంటారు. ఈయన చేతిలో డబ్బు లేదు, ఆశ కూడా లేదు. కానీ సంపద ఉంది, ఆ గుత్తి. "నేను లేకపోతే కుదరదు" అన్నదే ఆయన ఆస్తి. దాన్ని పోగేసుకున్నది సేవతోనే కాబట్టి అది ఆస్తిలా కనిపించలేదు, ఆయనకీ కనిపించలేదు, నాకూ కనిపించలేదు.

అప్పుడొచ్చింది పవిత్ర వారం, ఈస్టర్‌కి ముందు వారం. గురువారం సాయంత్రం పూజలో పాదక్షాళన (ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినట్టు ఫాదర్ కొంతమంది కాళ్ళు కడగడం) కోసం వాళ్ళ పారిష్‌లో ముందురోజు రిహార్సల్ పెడతారు, నేనూ వెళ్ళా, ఫాదర్ గారే రమ్మన్నారు. ఈ ఆచారం పూజ మధ్యలోకి వచ్చి మరీ అంత కాలం కాలేదు, 1955లో పన్నెండవ పయస్ పాపుగారు (పోప్) పవిత్ర వారం కర్మకాండని సంస్కరించినప్పుడు గురువారం సాయంత్రం పూజలోనే చేసుకునే వీలు ఇచ్చారు. మొదట మగవాళ్ళకే. 2013లో పోప్ ఫ్రాన్సిస్ గారు ఎన్నికైన రెండు వారాలకే రోమ్‌లో కసాల్ దెల్ మర్మో అనే బాల నేరస్తుల నిర్బంధ గృహానికి వెళ్ళి 12 మంది పిల్లల కాళ్ళు కడిగారు, వాళ్ళలో అమ్మాయిలున్నారు, ముస్లింలున్నారు. 2016 జనవరిలో నియమమే మార్చి దైవప్రజల్లో ఎవరినైనా ఎంచుకోవచ్చన్నారు, ఆడా మగా, చిన్నా పెద్దా. ఆ పారిష్‌లో ఫాదర్ గారు ఆ ఏడాది కౌన్సిల్ నుంచి కొంతమందిని, యూత్ నుంచి కొంతమందిని, ఇద్దరు వృద్ధులని పెట్టారు. సెక్రటరీ గారి పేరు కూడా రాశారు.

రిహార్సల్లో పన్నెండు కుర్చీలు. పదకొండు మంది కూర్చున్నారు. ఈయన బేసిన్ పట్టుకుని నిలబడ్డారు. "మీరు కూర్చోండి" అన్నారు ఫాదర్. "నేను బేసిన్ పడతాను ఫాదర్, టవల్ మడత తేడా వస్తే ఇబ్బంది" అన్నారు. ఫాదర్ మళ్ళీ అన్నారు. ఈయన నవ్వుతూ "నాకెందుకు ఫాదర్, ఇంకెవరినైనా కూర్చోబెట్టండి, నా కాళ్ళు నేను ఇంటి దగ్గరే కడుక్కుని వస్తా" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఆ మాట నేను ఇంతకుముందు చదివా, యోహాను సువార్త 13వ అధ్యాయం 8వ వచనంలో పేతురు అన్నమాట అదే, నువ్వు నా కాళ్ళు ఎప్పటికీ కడగకూడదు. పేతురు కూడా వినయంగానే అన్నాడు. దానికి ప్రభువు ఇచ్చిన జవాబు సువార్తలో చాలా కఠినమైన మాటల్లో ఒకటి: నేను నిన్ను కడగకపోతే నాతో నీకు భాగం లేదు.

ఆ రాత్రి నేను యోహాను 13ని మళ్ళీ మొదటి నుంచి చదివా, ఆయన కోసం కాదు నా కోసం. ఎన్నో ఏళ్ళుగా ఆ భాగాన్ని "ప్రభువు కిందికి దిగాడు, మనమూ దిగాలి" అనే ఒక్క వాక్యంలోకి కుదించి చెప్తూ వచ్చా. కానీ 14వ వచనంలో ఉన్నది "మీరు అందరి కాళ్ళు కడగండి" అని కాదు, "ఒకరి కాళ్ళు ఒకరు కడగండి" అని. ఒకరి కాళ్ళు ఒకరు అంటే ప్రతివాడూ ఏదో ఒక పూట కుర్చీలో కూర్చోవాలి, చెప్పులు విప్పి పగిలిన మడమలు ఇంకొకరి చేతిలో పెట్టాలి. ఇంకో సంగతి, దానికి ముందు అధ్యాయంలోనే, యూదుల పాస్క పండుగకి ఆరు రోజుల ముందు బెతానియలో మరియ ప్రభువు పాదాలకి పరిమళ తైలం పూసి తన తలవెంట్రుకలతో తుడిచింది. ఆ తుడవడానికి గ్రీకులో వాడిన మాట ఎక్మాస్సో, 13వ అధ్యాయంలో ప్రభువు టవల్‌తో శిష్యుల కాళ్ళు తుడవడానికి యోహాను వాడిన మాట కూడా అదే. అంటే ప్రభువు శిష్యుల కాళ్ళు తుడవకముందు తన కాళ్ళు ఇంకొకరితో తుడిపించుకున్నాడు. పక్కనుంచి శిష్యుల్లో ఒకడైన యూదా ఆ తైలం దండగ, అమ్మి పేదలకివ్వచ్చు కదా అంటే "ఆమెని వదిలెయ్" అన్నాడు. ఆ ప్రేమని వద్దనలేదు, నాకెందుకు అనలేదు.

ఆ కంటితో చూస్తే సువార్త నిండా అదే. సమరియ స్త్రీని దాహానికి నీళ్ళు అడిగాడు. బోధించడానికి సీమోను పడవ అడిగి ఎక్కాడు. మగ్దలా మరియ, యోహన్న, సూసన్న ఇంకా చాలామంది ఆడవాళ్ళు తమ సొమ్ముతో ఆయన్నీ శిష్యుల్నీ చూసుకున్నారని లూకా 8లో ఉంది. 72 మందిని ఇద్దరిద్దరిగా తనకంటే ముందు పంపించాడు, వాళ్ళు తిరిగొచ్చి సంతోషంగా చెప్తుంటే తనూ ఆనందపడ్డాడు. సర్వాధికారం చేతిలో ఉన్న మనిషి ఇన్ని చోట్ల చేయి చాపడం, అదే నేను ఇన్నాళ్ళూ చదవని వినయం.

గురువారం సాయంత్రం ఆయన కూర్చున్నారు. ఫాదర్ గారు గట్టిగా చెప్పారు కాబట్టి కూర్చున్నారు. నేను మూడో వరసలో ఉన్నా. ఆయన వంతు వచ్చేసరికి కుడి కాలు చెప్పులోంచి తీయడానికి చాలాసేపు పట్టింది, వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి, ఫాదర్ గారు మోకాళ్ళ మీద వంగి అలాగే ఎదురుచూశారు, తొందరపెట్టలేదు. నీళ్ళు పోస్తున్నప్పుడు ఆయన చేతులు కుర్చీ అంచుల్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి, జేబులోంచి గుత్తి కనపడుతోంది. తుడిచాక ఫాదర్ గారు ఆ కాలిని ముద్దు పెట్టుకున్నారు. ఆయన మొహం పక్కకి తిప్పేసుకున్నారు.

ఆ తర్వాత సెషన్‌లో ఆయన మాటలు, ఆయన అనుమతితో: "ఊడవడం నాకు ఏమాత్రం కష్టం కాదు సిస్టర్. కూర్చోవడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. నా కాలు నా చేతిలో లేదనిపించింది. నేను ఇన్నేళ్ళూ ఎవరికీ ఏమీ బాకీ ఉండకుండా చూసుకున్నా. అందరూ నాకే బాకీ ఉండేలా చూసుకున్నానేమో."

నేను ఏమీ కలపలేదు ఆ మాటకి. అక్కడి నుంచి కేసు దారి మారింది.

పని దగ్గరికి వస్తే, ధ్యానం ఒక్కటే చాలదు, అలవాట్లు చేతుల్లో ఉంటాయి కాబట్టి చేతులతోనే విప్పాలి. నాకు సాయపడింది పునీత బెనెడిక్ట్ రాసిన మఠ నియమావళి, ఆరో శతాబ్దం నాటిది. అందులో 35వ అధ్యాయం వంటగదిలో వారం వారం వంతు చేసేవాళ్ళ గురించి. జబ్బో, మరీ ముఖ్యమైన పనో ఉంటే తప్ప ఎవరికీ మినహాయింపు లేదు, అందరూ ఒకరికొకరు సేవ చేయాలి. శనివారం రోజు వంతు అయిపోయినవాడు, వంతు మొదలుపెట్టేవాడు ఇద్దరూ కలిసి అందరి కాళ్ళు కడగాలి. వాడిన సామాన్లు శుభ్రం చేసి చెక్కుచెదరకుండా సామాను చూసే సోదరుడికి అప్పగించాలి, ఆయన వాటిని కొత్తగా వచ్చేవాడికి ఇవ్వాలి, ఏం ఇస్తున్నాడో ఏం తీసుకుంటున్నాడో తెలియడానికి. వంతు దిగేవాడు "నాకు సాయపడి ఓదార్చిన దేవా నీకు స్తుతి" అని, ఎక్కేవాడు "దేవా నా సహాయానికి రా" అని అందరిముందు మూడేసి సార్లు ప్రార్థించి దీవెన తీసుకోవాలి. నాకు అందులో బాగా నచ్చింది ఏంటంటే దిగడానికి కూడా ఒక ప్రార్థన ఉండటం. మన పారిష్‌లలో పదవి ఎక్కేటప్పుడు ప్రమాణ స్వీకారం ఉంటుంది, దిగేటప్పుడు ఏదీ ఉండదు, అందుకే ఎవరూ దిగరు.

గుత్తిని మొత్తం ఒకేసారి ఇచ్చేయమని నేను చెప్పలేదు, అలా చేస్తే అది కూడా ఒక త్యాగం ప్రదర్శనలా అయిపోతుంది, వారంలో మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేస్తుంది. నెలకి రెండు తాళాలు. ఒక్కోటి ఎవరికిస్తారో ఆ మనిషికి ఆ పని పక్కన నిలబడి నేర్పించాలి, చేయించాలి, రెండో నెల నుంచి గదిలోకి వెళ్ళకూడదు. ఆదివారం పూజ చివర్లో ఫాదర్ గారు ఇద్దరినీ ముందుకి పిలిచి బెనెడిక్ట్ ప్రార్థన చెప్పించేవారు. మొదటిది మైక్ సెట్ బీరువా. ఎవరికిచ్చారంటే, యూత్‌లోంచి తప్పుకున్న ఆ అమ్మాయికే. ఆమె ఇంటికి ఆయనే వెళ్ళి బ్యాక్‌డ్రాప్ విషయంలో "తప్పు చేశానమ్మా" అని చెప్పి, "నాకు ఈ పనిలో సాయం కావాలి" అని అడిగారు. క్షమాపణ కంటే ఆ రెండో మాట అనడానికి ఎక్కువ సమయం పట్టిందని, గుమ్మం దాకా వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళి అడిగానని చెప్పారు.

మూడో ఆదివారం మైక్ పనిచేయలేదు. మొదటి పఠనం మధ్యలో ఆగిపోయింది, అమ్మాయి వైర్లు లాగి చూస్తోంది, రావట్లేదు. ఈయన నాలుగో బెంచీలో ఉన్నారు, ఎక్కడ లూజ్ కనెక్షనో ఆయనకి తెలుసు, లేచి వెళ్తే అర నిమిషం పని. లేవలేదు. ముందు బెంచీ పట్టుకుని కూర్చుండిపోయారు. చదివే పిల్లాడు గొంతు పెంచి మైక్ లేకుండానే చదివాడు, కీర్తన కూడా అలాగే పాడారు, సువార్త సమయానికి అమ్మాయికే దొరికింది. ఆ ఎనిమిది తొమ్మిది నిమిషాలు తన జీవితంలో అంత ప్రార్థన ఎప్పుడూ చేయలేదని ఆయన నాతో అన్నారు. పూజ అయ్యాక ఆ అమ్మాయే వచ్చి "అంకుల్, మీకు తెలుసు కదా, ఎందుకు రాలేదు" అని అడిగితే "నువ్వు చేస్తావని" అన్నారట. రెండు వారాల తర్వాత ఆమె యూత్‌లోకి తిరిగొచ్చింది.

కౌన్సిల్ మీటింగులు కూడా మార్చాం. తిరుసభ (కతోలిక చర్చి) చట్టం కానన్ (సూత్రం) 536 ప్రకారం పారిష్ పాస్టరల్ కౌన్సిల్‌కి విచారణ గురువే అధ్యక్షుడు, కౌన్సిల్‌ది సలహా ఇచ్చే ఓటు మాత్రమే. ఇది చదివి చాలామంది "మన మాటకి విలువ లేదు" అనుకుంటారు, కానీ కానన్ 212లో విశ్వాసులకి తమ అభిప్రాయం కాపరులకి చెప్పే హక్కు ఉందని, ఒక్కోసారి అది బాధ్యత కూడా అని ఉంది. సలహా అడగడం నిజంగా ఉంటేనే సలహా ఓటుకి అర్థం. వాళ్ళ మీటింగుల్లో జరిగేది ఏంటంటే ప్రతి అంశం మీద సెక్రటరీ గారు ముందే ఏర్పాటు చేసేసిన సంగతి చెప్పేవారు, మిగతావాళ్ళు తల ఊపేవారు. బెనెడిక్ట్ 3వ అధ్యాయంలో ముఖ్యమైన విషయం వస్తే మఠాధిపతి అందరినీ పిలిచి వినాలి, ఎందుకంటే దేవుడు చాలాసార్లు మంచి మాట చిన్నవాడికి తెలియజేస్తాడు అంటాడు. దాన్నిబట్టి వయసులో అందరికంటే చిన్నవాళ్ళు మొదట మాట్లాడాలి, సెక్రటరీ చివర మాట్లాడాలి అని పెట్టాం. మొదటి రెండు మీటింగులు పెద్దగా మాటల్లేకుండానే అయిపోయాయి, మౌనం భరించలేక ఆయన నోరు తెరవబోతే ఫాదర్ గారు చేయి చూపించి ఆపేవారు. మూడో మీటింగ్‌లో సత్యోపదేశం క్లాసుల టైము పిల్లలకి కుదరట్లేదని ఒక టీచర్ చెప్పింది, రెండేళ్ళుగా చెప్పాలనుకుంటున్నానంది.

ఇక్కడ ఇంకో మలుపు ఉంది, దీన్ని దాచకూడదు. ఏడెనిమిది నెలలు గడిచాక ఆయన రెండో వైపుకి వాలిపోయారు. ఏది అడిగినా "మీ ఇష్టం, మీరే చూడండి" అనడం మొదలుపెట్టారు. గాయకబృందంలో ఇద్దరి మధ్య గొడవొస్తే చెప్పాల్సిన మాట చెప్పలేదు, రికార్డుల్లో రెండు జ్ఞానస్నానాలు నమోదు కాకుండా ఉండిపోయాయి, అడిగితే "నేను పెత్తనం మానేశా కదా సిస్టర్" అన్నారు. నేను ఆ రోజు కాస్త గట్టిగానే మాట్లాడా. యోహాను 13లోనే కాళ్ళు కడిగాక ప్రభువు ఏం చేశాడు? తన పైవస్త్రం తిరిగి వేసుకుని తన చోట కూర్చున్నాడు, "మీరు నన్ను బోధకుడని, ప్రభువని పిలుస్తున్నారు, సరిగ్గానే పిలుస్తున్నారు, నేను అలాంటివాణ్ణే" అన్నాడు. అధికారాన్ని కాదనలేదు. తండ్రి అన్నీ తన చేతికిచ్చాడని తెలిసే లేచాడని 3వ వచనంలో ముందే ఉంది. తను ఎవరో తెలియనివాడు దిగితే అది వినయం కాదు, తప్పించుకోవడం.

పునీత గ్రెగోరీ పాపుగారి సంగతి కూడా చెప్పా, 590 నుంచి 604 వరకు పాపుగా ఉన్న ఆయన తనని తాను దేవుని సేవకుల సేవకుడని పిలుచుకున్నాడు, ఈరోజుకీ పాపుగారి బిరుదుల్లో అది ఉంది. కానీ అదే గ్రెగోరీ కాపరుల కోసం రాసిన పుస్తకంలో మంచిగా బతికేవాళ్ళకి కాపరి వినయంతో తోటివాడిలా ఉండాలి, తప్పు చేసేవాళ్ళ తప్పుల ముందు మాత్రం నీతి పట్ల ఆసక్తితో గట్టిగా నిలబడాలి అంటాడు. రెండూ ఒకే మనిషిలో. ఆయన అది విని "అంటే తాళాలు ఇచ్చేయొచ్చు, బాధ్యత ఇచ్చేయకూడదు" అన్నారు. ఆ వారమే గాయకబృందం ఇద్దరినీ విడివిడిగా కలిశారు. రికార్డులు రాయడం పూర్తిచేశారు.

ఇప్పటి పరిస్థితి చెప్తా. 14 నెలలైంది. గుత్తిలో మూడు తాళాలు మిగిలాయి, ఒకే రింగు సరిపోతోంది. కౌన్సిల్‌లో 9 మంది ఉన్నారు, మొదటినుంచీ ఉన్నవాళ్ళు కాక వెళ్ళినవాళ్ళలో ఇద్దరు తిరిగొచ్చారు, మిగతావాళ్ళు కొత్తవాళ్ళు. లెక్కలు చూసిన ఒకావిడ రాలేదు. ఆయన రెండుసార్లు ఇంటికి వెళ్ళారు, ఆమె మర్యాదగా మాట్లాడింది, "మనసు ఇంకా ఒప్పుకోవట్లేదు అన్నగారూ" అంది. మూడోసారి వెళ్ళనా అని ఆయన అడిగితే వద్దన్నా, ఆమె కోసం పూజలో ప్రార్థించండి, రావాలా వద్దా అన్నది ఆమెకే వదిలేయండి అన్నా. సెక్రటరీ ఎన్నిక వచ్చే నెల, ఇద్దరు పేర్లు ఇచ్చారు, ఆయన ఇవ్వలేదు. గుడి కొంచెం మురికిగా ఉంటోందని కొందరి ఫిర్యాదు, అది నిజమే. పూలు కొన్ని ఆదివారాలు వాడిపోయి ఉంటున్నాయి. ఆయన ఉన్నప్పుడు ఎప్పుడూ అలా లేవు. ఈ నష్టాన్ని నేను తక్కువ చేసి చెప్పను, పనిలో ఆయనకి సాటి వచ్చేవాళ్ళు అక్కడ ఇంకా లేరు.

ఈ పని చేసేవాళ్ళకి ఒక్క మాట: సేవ చేసి చేసి అలసిపోయిన నాయకుడు ఎవరైనా మీ ముందు కూర్చుంటే, ఎంత సేవ చేస్తున్నారని అడిగే ముందు మీకెవరు సేవ చేస్తారని అడగండి, ఆఖరిసారి ఎవరినైనా సాయం ఎప్పుడు అడిగారో అడగండి. ఆ ప్రశ్న నేను నాలుగో నెలలో అడిగా, మొదటి రోజే అడిగి ఉంటే ఆ పిల్లల బ్యాక్‌డ్రాప్ ఉండేది.

పోయిన సెషన్‌లో ఆయన మామూలుగా గుత్తి తీసి టేబుల్ మీద పెట్టారు, ఇప్పుడు పెద్ద చప్పుడు రాదు. కాసేపు దాన్నే చూసి, "అన్నీ జరిగిపోతున్నాయి సిస్టర్, నేను లేకపోయినా పూజ టైముకే మొదలవుతోంది. సంతోషమే. కానీ పొద్దున్నే లేచినప్పుడు, మరి నేను ఎందుకు అనిపిస్తోంది" అన్నారు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. తొమ్మిదేళ్ళ కింద తాళాలు తీసుకున్న రోజు నుంచి ఆ ప్రశ్న అక్కడే ఉందనుకుంటా, గుత్తి బరువు కింద కనపడలేదు. జవాబు నేను చెప్పలేదు. యోహాను 12 మొదటి ఎనిమిది వచనాలు ఇచ్చా, ఇల్లంతా నిండిన ఆ పరిమళం దగ్గర కూర్చోమన్నా, ఈసారి మరియలా కాదు, యూదాలా కాదు, ప్రభువు పక్కన ఏ పనీ లేకుండా కూర్చున్న మరియ సోదరుడు లాజరులా. నెలరోజులు అదొక్కటే. వచ్చే గురువారం మళ్ళీ వస్తారు.